అడుగున చేరిన నీరు

మా కౌడిపల్లినుండి ఏ దిక్కునకు ఎంత దూరము నడచినను సముద్రము కానరాదు. నర్సాపూర్ అడవిని దాటి మెదకునకు పోవు బాటపై, చెఱువు నిండిన యేడు వరిచేలను జూచి మురిసియు, నిండని యేడు బోరుబావులను నమ్ముకొని నిట్టూర్చియు కాలము గడపు ఊరు మాది. కౌడి యనగా గవ్వ గనుక, సాగరముతో మాకేదైన చుట్టరికమున్నచో అది యా పేరులోని మొదటి రెండక్షరములతో సరి. అట్టిచోట కూర్చుండి, తెరచాపనావలో కాపురముండువారి దైనందిన మరమ్మతులను గూర్చియు, వారు పైకి చెప్పుకొనని భయములను గూర్చియు అధ్యాయము వ్రాయుటకు నీకేమి యర్హత యని మీరడుగవచ్చును. అర్హత యేమియు లేదు. నేను నావలో ఒక్క రాత్రియైనను నిదురించి యెఱుగను. కాని నలువది యేండ్లుగా ఒక పాత పెంకుటింటిని కూలిపోకుండ నిలుపుకొనుచు వచ్చినవాడను. నావికుల వృత్తాంతములు చదువునపుడెల్ల వారి చింతలు నాకు పరాయివిగా తోపకుండుటచేత ఈ సాహసమునకు పూనితిని. సంసారమును సాగరముతో పోల్చు పాతమాటను మాత్రము ఇందు వాడబోనని ముందే మాట యిచ్చుచున్నాను.

2017వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన గోవా తీరమునుండి ‘తారిణి’ యను నౌకాదళపు తెరచాపనావ భూప్రదక్షిణమునకు బయలుదేరినది. దాని పొడవు 55 అడుగులు. ఎడ్లు కట్టిన బండ్లను రెంటినో మూటినో వరుసగా నిలిపిన నంతే యగును. అందున్నవారు ఆరుగురు స్త్రీలు. నాయకురాలు వర్తికా జోషీ. ఆ యారుగురిలో ఇద్దరు మన ఆడబిడ్డలే: విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. వారు ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ రేవులలో విడియుచు, పసిఫిక్ మహాసముద్రమున రెండంతస్తుల మేడయెత్తు కెరటములను ఓర్చి, కేప్ హార్న్ మూలను చుట్టి, 21,600 నాటికల్ మైళ్లు, అనగా దాదాపు 40,000 కిలోమీటర్లు, సాగి, 254 దినముల పిమ్మట 2018 మే 21న గోవాకు మరలి వచ్చిరి. పత్రికలు తుపానులను గూర్చి విరివిగా వ్రాసినవి. తుపాను వార్త యగును. చీల వదులగుట వార్త గాదు. అయినను నావలో బ్రతుకనగా తుపానులు నాలుగు, వదులైన చీలలు నాలుగు వేలు. ఉప్పుగాలి ఇనుమును తినును, ఎండ చాప కుట్టును తినును, ఎడతెగని కదలిక తాడును తినును. తినబడుచున్న దానిలోనే వండుకొని, తిని, నిదురింపవలెను.

మీ సంగతి యేమి? కారుచున్న నల్లాను రేపు చూతమని ఎన్ని రేపులు గడచినవి? రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, కారణమేమో తెలియకయే పైకప్పు వంక చూచుచు పరుండిన దెన్ని మారులు? ఈ రెండింటికిని సంబంధ మున్నదని మీకెన్నడైనను తోచినదా? నావ చిన్నది గనుక అందులో ఆ సంబంధము దాగుటకు చోటుండదు. ఈ క్రింది సూచనలు నావయెక్కబోవువారికి నేరుగాను, గట్టుననుండువారికి కొంచెము మార్చుకొనియు పనికివచ్చును.

1. తెల్లవారగానే ఒక చుట్టు తిరుగుడు.

చేతిలో పనిముట్టు ఉండరాదు, చూచుటకే తిరుగవలెను. స్తంభమును నిలిపి యుంచు తీగమోకుల మొదళ్లు, వాటి బోల్టులు జాఱిపోకుండ దూర్చిన పిన్నులు, కప్పీలో తాడు ఒరసికొను తావులు, చుక్కానిని త్రిప్పు గొలుసులు, బ్యాటరీల మొనలు, వంటపొయ్యి గొట్టము: వీనిని ప్రతిదినము అదే వరుసలో చూడవలెను. వరుస మారినచో కన్ను తప్పును. నావతట్టుపై ఎక్కడనుండి రాలినదో తెలియని చిన్న పిన్ను కనబడినచో దానిని సముద్రమున విసరివేయక, అది యెవరి బిడ్డయో విచారింపవలెను.

మా యూర బోరుమోటర్లు విప్పి బిగించు మేస్త్రీ యొకడు కలడు. కాలిన మోటరును వాని ముంగిట దింపి, “నిన్న మంచిగనే నడిచింది” అని వాపోవు ప్రతి రైతునకు అతడు చెప్పు మాట యొక్కటే: “మోటర్ ఒక్కపారే కాలది సారూ. నాలుగొద్దుల ముంగటనే సప్పుడు మారుతది. మనమే ఇనం.” నావికులు వ్రాసిన పుస్తకములలో ఇంతకంటె మంచిమాట నాకు దొరకలేదు.

ఇచ్చట సామాన్యముగ జరుగు పొరపాటు, చూచుటకు పోయి అక్కడనే చేయుటకు కూర్చుండుట. మొదటి చీలయొద్దనే పూట గడచును; పదునొకండవ చీల ఆ సాయంకాలము ఊడును.

2. అడుగున చేరిన నీటిని నాలుకపై వేసికొని చూడుడు.

ఎంత గట్టి నావకైనను అట్టడుగున కొంత నీరు చేరుచునే యుండును. దానిని తోడి పారబోయుట అందఱు చేయు పని. అనుభవజ్ఞుడు మాత్రము తోడుటకు ముందు వ్రేలు ముంచి నాలుకకు రాచుకొనును. ఉప్పగా నున్నచో సముద్రము లోనికి వచ్చుచున్నది: చుక్కాని యిరుసు చుట్టునో, నీటి రాకపోకలకై అడుగున వదలిన రంధ్రముల గొట్టములయొద్దనో, పలకల సందులనో వెదకవలెను. చప్పగా నున్నచో ప్రమాదము వేఱు. మీ త్రాగునీటి తొట్టియే కారుచున్నది. మొదటిది నావను ముంచును, రెండవది దాహముచే చంపును. రెంటికిని మందు వేర్వేఱు. రుచి చూడకయే తోడువాడు జన్మమంతయు తోడుచునే యుండును.

భయమునకును ఇదే పరీక్ష. రాత్రి గుండె దడదడలాడినపుడు, “ఈ నీరు ఎక్కడిది?” అని అడుగుడు. వెలుపలిదా? అనగా నిజముగ గాలి హెచ్చినదా, లంగరు జాఱుచున్నదా, అప్పు గడువు దగ్గఱపడినదా? లేక లోపలిదా, అనగా మీ తొట్టిలోనిదే, ఎన్నడో నింపుకొని మూత బిగింపనిదా? వెలుపలి భయమునకు పని యున్నది; లేచి చేయుడు. లోపలి భయమును లోకముపై రుద్ది ఎన్ని చీలలు బిగించినను అది తగ్గదు. నాకును అట్టి దొకటి కలదు; కొంత సేపటికి చెప్పెదను.

3. నేటి కట్టు వేఱు, రేపటి మరమ్మతు వేఱు.

మోకు కొన పురి విడుచున్నపుడు మైనము పూసిన దారముతో చుట్టి బిగించుటకు పావుగంట చాలును. వారము విడిచినచో బారెడు మోకు కోసివేయవలసి వచ్చును. చాపపై వేలెడు చిరుగు సాయంకాలమునకు వేలెడే యుండును, రాత్రి గాలికి నిలువెల్ల చీలును. కావున చిన్నది నేడే. ఐతే కదలుచున్న నావలో చేసిన ప్రతి మరమ్మతు తాత్కాలికమే యని యెఱిగి, దానిని పుస్తకమున ‘కట్టు’ అను శీర్షిక క్రింద వ్రాసి, రేవు చేరిన పిమ్మట సరిగా చేసి ‘మరమ్మతు’ అను శీర్షికకు మార్చుడు. మనము కట్టును మరమ్మతని భ్రమించి మఱచిపోవుదుము. మా యింటి దూలమునకు నేను 1998లో వేసిన ఇనుపతీగ కట్టు నేటికిని ‘తాత్కాలికము’గనే వ్రేలాడుచున్నదని ఒప్పుకొనుటకు సిగ్గుపడను, పుస్తకమున వ్రాయలేదు గనుకనే వ్రేలాడుచున్నది.

4. చీకటిలో చేతి కందునట్లు.

నావ యడుగునగల ప్రతి రంధ్రము ప్రక్కను, ఆ రంధ్రమునకు సరిపడు మెత్తని కొయ్య బిరడా నొకదానిని దారముతో వ్రేలాడగట్టి యుంతురు. గొట్టము తెగి నీరు చిమ్ముచున్నపుడు, దీపములారిన గదిలో, మోకాలిలోతు నీటిలో నిలిచి బిరడాలపెట్టె ఎచ్చటనున్నదని వెదకు తీరిక యుండదు గదా! నీరు తాకిన కొయ్య ఉబ్బి తానే బిగియును. మీ యింట ఫ్యూజుతీగ యెక్కడ నున్నది? గ్యాసుబండ మీట ఏ వైపునకు త్రిప్పిన మూయబడునో ఇంటిల్లిపాదికి తెలియునా? కన్నులు మూసికొని ఒకమారు నడచి చూడుడు.

విడిభాగములు కొన్నంత మాత్రమున చాలదు. కొన్ననాడే బిగించి సరిపోవునో లేదో చూచి, మరల విప్పి దాచవలెను. ఇక దాచినవన్నియు అయిపోయిన పిమ్మట? కేరళకు చెందిన అభిలాష్ టామీ 2018లో ఒంటరి పందెమున దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో వెన్నెముక విఱిగి, శస్త్రచికిత్స పిమ్మట వెన్నున లోహపు కడ్డీలతో 2022లో మరల అదే పందెమునకు పోయి, 236 దినములకు ద్వితీయుడుగా తీరము చేరెను. ఆ యాత్రలో నావను గాలివాటుకు తానే నడపు పరికరపు రెక్క విఱిగినపుడు అతడు మరుగుదొడ్డి తలుపును కోసి క్రొత్త రెక్క చేసికొనెను. ఒంటరివానికి ఆ తలుపుతో పని యేమి!

5. కొలువదగిన భయమును కొలువుడు.

లంగరు వేసి పరుండిన రాత్రి నావికుని పీడించు శంక యొకటే: జాఱుచున్నదా? దానికి ధైర్యవచనములు పనిచేయవు. తీరమున రెండు గుర్తులు, ఒక దీపము, దాని వెనుక ఒక గుట్ట, ఒకే గీతపై నుండునట్లు పగలే చూచుకొని యుంచుకొందురు. మెలకువ వచ్చినపుడు తల పైకెత్తి చూతురు. గీత చెదరనిచో పరుందురు. చెదరినచో లేచి మోకు వదలుదురు. మా వైపు వానకాలమున చెఱువుకట్ట క్రింద ఇల్లున్నవారు నీటి అంచున పుల్ల గ్రుచ్చి, గంటకొకమారు లాంతరుతో పోయి చూచెదరు. పుల్ల తడిసినచో మూటలు కట్టుట, తడవనిచో నిదురించుట. భయము పుల్లంత యగును.

తుపానులో నావతట్టుపైకి పోవు ముందే నడుమునకు పట్టీ కట్టి, దాని కొక్కెమును తలుపు లోపలనుండియే తాటికి తగిలించుటయు ఇట్టిదే. సముద్రమున పడుదునను భయము నిజమైన భయము. దానిని పోగొట్టుకొన జూడరాదు, తాటితో కట్టివేయవలెను.

6. పుస్తకమున వ్రాయుడు, వ్రాసినదానిని ఒక్కరికైన చదివి వినిపింపుడు.

ఈ సూచన కొఱకే తక్కిన యధ్యాయమంతయు వ్రాసితిననుకొనుడు. 1968లో లండను పత్రిక ‘సండే టైమ్స్’ ఒంటరిగా, ఎచ్చటను ఆగక, భూమిని చుట్టి వచ్చు పందెము నేర్పరచినది. అందు పాల్గొన్నవారిలో ఇద్దరిని చూడుడు.

మొదటివాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. అతని నావ ‘సుహైలీ’ మన బొంబాయిలో టేకుకొయ్యతో కట్టబడినది, 32 అడుగులు. జూన్ 14న ఇంగ్లండు విడిచిన కొలది వారములకే అడుగున నీరు హెచ్చుగా చేరసాగినది. అతడు గాలి తగ్గిన దినము చూచి, నీటిలో మునిగి, నావ వెన్నుదూలమునకు పైన ఇరుప్రక్కల పలకల సందు విచ్చుకొనుట కనుగొనెను. పిమ్మట మునిగి మునిగి లేచుచు, ఊపిరి బిగపట్టి, సందులో నూలు కూరి, దానిపై గోనెవంటి గట్టి గుడ్డపట్టీ వేసి, దానిపై రాగిరేకు కొట్టెను. పని నడుమ సొరచేప యొకటి చుట్టు తిరుగజొచ్చినది. నావపైకి వచ్చి తుపాకితో దానిని కాల్చి, మరల నీట దిగెను. భయపడలేదనుకొందురా? భయపడుటచేతనే తుపాకి దగ్గఱ నుంచుకొనెను. 312 దినములకు, 1969 ఏప్రిల్ 22న, అతడొక్కడే ఆ పందెమును పూర్తిచేసెను.

రెండవవాడు డొనాల్డ్ క్రౌహర్స్ట్. పనులు ముగియకయే, గడువు చివరిదినమైన అక్టోబరు 31న బయలుదేరెను. నావలో చేరిన నీటిని తోడు యంత్రమునకు కావలసిన గొట్టము నావకు చేరనేలేదు. పక్షము గడచునప్పటికే నావ యిట్లే సాగినచో దక్షిణ సముద్రములను తట్టుకొనజాలదని అతడు గ్రహించెను. అంతేకాదు, లోపములను ఒకటొకటిగా, ఎంతో నిజాయితీతో, పుస్తకమున వ్రాసికొనెను! ఆ పట్టికను చదివినవారు ఇంతటి వివేకి యెట్లు చెడెనని ఆశ్చర్యపడుదురు. కాని మరలి వచ్చినచో ఇల్లును వ్యాపారమును పోవు షరతున్నది, నగుబాటున్నది. రేడియోలో ఇంటివారితో మాటలాడు వీలున్నను ఆ పట్టికను ఉన్నదున్నట్లు పైకి చెప్పలేదు. చెప్పక, లేని వేగమును ఉన్నట్లు తెలిపి, అట్లాంటిక్ దాటకయే, భూమిని చుట్టుచున్నట్లు దొంగలెక్కలు కట్టుచు నెలలు గడపెను. 1969 జులై 10న నావ ఖాళీగా దొరికినది; మనిషి దొరకలేదు. గెలిచిన నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన 5,000 పౌనుల బహుమానమును ఆ కుటుంబమునకే యిచ్చివేసెను.

చాలమంది ఈ కథను అబద్ధపు ఫలితమని చెప్పుదురు. నా కట్లు తోపదు. అతనికి లోపము తెలియును, వ్రాయుట తెలియును. వినువాడొక్కడు లేడు, లేక ఉన్నవారిని ఆ పనికి వాడుకొనలేదు. తారిణిలో ఆరుగురుండుటయొక్క లాభము కేవలము వంతులవారి కాపలా కాదని నేను నమ్ముదును.

కావున ఇట్లు చేయుడు. పుస్తకమున పుటను రెండుగా మడిచి, ఎడమవైపు చెడిన వస్తువు, కుడివైపు ఆ దినము మనస్సున మెదిలిన భయము వ్రాయుడు. కుడివైపు వాక్యము పొడిగా నుండవలెను: “గాలి హెచ్చగానే కడుపులో వికారము, ఇంటికి పోవలెననిపించినది” అన్నంత. కవిత్వము వలదు. వారమున కొకమారు, నమ్మినవారి యెదుట కుడివైపు మాత్రము చదువుడు. విన్నవారు సలహా చెప్పనక్కఱలేదు.

7. రాత్రి రెండు గంటలకు తీర్పు చెప్పవలదు.

పొడిబట్ట కట్టుకొని, వేడిగా నేదైన త్రాగి, ఒక గంట నిదురించిన పిమ్మటనే యాలోచింపుడు. ఇంతకంటె చెప్పవలసినది లేదు.

8. మీ వలన కానిచో రేవు చేరుడు.

తారిణికి ఆ మహాయాత్ర చివరి భాగమున, ఇల్లు చేరువైన వేళ, చుక్కాని త్రిప్పు యంత్రము చెడినది. ఏర్పాటులో లేని మారిషస్ దీవికి, పోర్ట్ లూయీ రేవునకు, నావను మరల్చి బాగుచేయించుకొని మఱి బయలుదేరిరి. మూడు మహాసముద్రములను దాటినవారికి ఇంకొంచెము దూరము మొండిగా పోదమని తోపలేదా? తోచియుండవచ్చును. కాని అదే నావ బాగుగా నుండి, 2024 అక్టోబరులో దిల్నా, రూప యను మఱి యిద్దరు నౌకాదళ స్త్రీలను మోసికొని రెండవమారు భూమిని చుట్టుటకు పోయి, 2025 మేలో మరలినది.

లోపలి నీరు ఎంత తోడినను తఱుగకున్నచో, నిదుర వారములతరబడి దూరమైనచో, బ్రతుకుపై విరక్తి కలుగుచున్నచో అదియు రేవు చేరవలసిన మరమ్మతే. ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోనుచేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇక నేను దాచుకొన్నది. ఏడాదిగా నా కుడిచేయి కొంచెము వణకుచున్నది. అక్షరములు వంకర పోవుటకు కలము పాళీని నిందించి రెండు కలములు మార్చితిని. ఈ యధ్యాయము ఆఱవ సూచన వ్రాయుచుండగా, ఇతరులకు చెప్పి నేను చేయకుండుట తగదని, పుట మడిచి కుడివైపున ఆ సంగతి వ్రాసి, రాత్రి భోజనమైన పిమ్మట మా యావిడకు చదివి వినిపించితిని. ఆమె కంచములు తీయుచునే వినెను.

“గిది నాకు ఆర్నెల్ల సంది ఎరుకనే,” అనెను. “రేపు మెదక్ దవాఖానకు పోదాం. ముందుగాల ఆ నల్లా జూడుండ్రి, రాత్రంత కారుతున్నది.”